పూత చువ్వల కంటే ముందు కవర్ బ్లాకులు కొనండి

వరంగల్, హన్మకొండ, కరీంనగర్‌లలో ఇల్లు కట్టేవాళ్లు తుప్పు భయంతో ఎపాక్సీ పూత చువ్వలకు అదనంగా డబ్బు పెడుతున్నారు. అదే ఇంటి స్లాబులో చువ్వలను సెంట్రింగ్ షీటుకు ఆనకుండా ఎత్తిపట్టే చిన్న దిమ్మెలు, అంటే కవర్ బ్లాకులు, పెట్టకుండా మేస్త్రీ కంకర ముక్కలు దోపి చువ్వలు లేపుతుంటే ఎవరూ ఆపడం లేదు. ఆ డబ్బు తప్పు చోట పడుతోంది.

మనకు సముద్రం లేదు, ఉప్పుగాలి లేదు. ఇక్కడ ఇనుమును తినేది ముఖ్యంగా గాలిలోని కార్బన్ డయాక్సైడు, దానికి తోడు తేమ. మంచి కాంక్రీటు పీహెచ్ (క్షారగుణాన్ని చెప్పే కొలత) 12.5 పైనే ఉంటుంది. ఆ క్షారంలో చువ్వ మీద పలుచని రక్షణ పొర దానంతటదే కడుతుంది. కార్బన్ డయాక్సైడు లోపలికి దిగితే పీహెచ్ 9 కిందికి పడిపోయి ఆ పొర పోతుంది. తుప్పుకు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు కావాలి, అందుకే స్లాబు పెచ్చులూడుతుంది.

అసలు లెక్క ఇది. కార్బన్ డయాక్సైడు దిగే లోతు కాలపు వర్గమూలం చొప్పున పెరుగుతుంది. 20 మి.మీ. కవర్ (చువ్వను కప్పి ఉంచే కాంక్రీటు మందం) దాటడానికి 40 ఏళ్లు పట్టే కాంక్రీటులో 10 మి.మీ. దాటడానికి పదేళ్లే చాలు. కవర్ సగమైతే ఆ రక్షణ కాలం నాలుగో వంతుకు పడిపోతుంది! వైబ్రేటర్ పెట్టగానే కంకర ముక్క జారుతుంది, మనుషులు తొక్కితే చువ్వ సెంట్రింగ్ షీటుకు ఆనుతుంది. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 లెక్కన తేమ తగలని స్లాబుకు 20, వానకు తడిసే సజ్జకు 30, పిల్లరుకు 40, పునాదికి 50 మి.మీ. కవర్ ఉండాలి. మీటరుకొకటి పెట్టినా వెయ్యి చదరపు అడుగుల స్లాబుకు సుమారు వంద బ్లాకులు సరిపోతాయి. అప్పటికప్పుడు నాసి మాలుతో చేసినవి పనికిరావు. కాంక్రీటంత గట్టివి, వారం రోజులైనా నీళ్లలో నానినవి కావాలి.

నీళ్ల సంగతీ అంతే. బస్తా సిమెంటుకు ఇసుకలోని తడితో కలిపి 27 లీటర్లు దాటితే ఆ ఎక్కువ నీరే తర్వాత గాలికి దారులు తెరుస్తుంది. పీపీసీ (బూడిద లాంటివి కలిపిన) సిమెంటుతో పోసిన స్లాబును కనీసం 10 రోజులు తడపాలి. మే ఎండల్లో మూడు రోజులకే ఆపేస్తే పైపొర గుల్లబారుతుంది.

పూత ఉంటే ఇంకాస్త భద్రమే కదా అంటారు. తీరప్రాంతంలో ఆ మాటకు బలముంది. అక్కడైనా వంచినచోట, ఈడ్చినచోట పూత చిట్లితే తుప్పు ఆ గాయం దగ్గరే లోతుగా తొలుస్తుంది. కోసిన ప్రతి కొనకూ మళ్లీ పూత పూయాలి, బైండింగ్ వైరు కూడా పూత ఉన్నదే వాడాలి. కవర్ బ్లాకులే పెట్టని సైటులో ఈ జాగ్రత్తలు ఎవరు తీసుకుంటారు?

తప్పు యజమానిది ఒక్కడిదే కాదు. 2020లో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ ఇంటి అనుమతుల విధానం వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి దొరుకుతోంది. అనుమతి వేగంగా రావడం మంచిదే. కానీ అందులో చూసేది సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదిలే ఖాళీ), ఎత్తు, రోడ్డు వెడల్పు. ఇంటిని నిలబెట్టే ఇనుము కాంక్రీటులో కప్పుబడిపోయాక ఎవరు వచ్చి చూసినా తెలిసేది తక్కువ. అందుకే స్లాబు పోసే ముందు చువ్వ కింద టేపు పెట్టి తీసిన ఫొటోలు, ఇంజినీరు సంతకంతో అప్‌లోడ్ చేయించాలి. అవి లేని ఇంటికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు.