పక్కకు పోయిన చుక్కను చెరపొద్దు

బంగారు సూది మొనను బంగారు పలకకు తాకించి మెల్లగా వెనక్కి లాగుతారు. మధ్యలో బంగారం తీగలా సాగి, సన్నబడి, ఒక్క పరమాణువంత మందానికి వచ్చి పుటుక్కున తెగుతుంది. చుట్టూ ద్రావణంలో ఉన్న అణువు ఒకటి ఆ సందులో రెండు వైపులా బంగారాన్ని పట్టుకుందా, కరెంటు గ్రాఫులో చిన్న మెట్టు కనిపిస్తుంది. ఇంకాస్త లాగితే అదీ పోతుంది. మళ్లీ తాకించాలి, మళ్లీ లాగాలి. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో షూ, టావ్ అనే శాస్త్రవేత్తలు ఒక్క అణువు గుండా ఎంత కరెంటు పోతుందో కొలవడానికి 2003లో ఇలా వేలసార్లు చేశారు.

ఒక్క అణువునే సర్క్యూట్‌లో భాగంగా వాడే ఒంటి అణువు ఎలక్ట్రానిక్స్ నా లెక్కలో నిజంగా మొదలైంది అక్కడే. ఒక్క అణువే కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్‌లా పనిచేయగలదని అవిరమ్, రాట్నర్ 1974లో చెప్పింది ఊహ. రీడ్ బృందం 1997లో రెండు కొసలా గంధకం ఉన్న బెంజీన్ డైథయాల్ అనే అణువులో కరెంటు కొలవడం గొప్పే. కానీ తర్వాత అదే అణువుకు ల్యాబుకో విలువ వచ్చింది. కారణం లోహంతో అతుకు. అణువు కొసన ఉన్న గంధకం ఒకే బంగారు పరమాణువు మీద కూర్చుందా, మూడింటి మధ్య గుంటలో దిగిందా అన్నదాన్ని బట్టి కరెంటు మారిపోతుంది. 2006లో కొలంబియా యూనివర్సిటీలో లతా వెంకటరామన్ బృందం గంధకం బదులు నైట్రోజన్ ఉండే అమీన్ కొసలు వాడింది. నచ్చిన గ్రాఫులు ఏరుకోకుండా వేల కొలతల్నీ కలిపి చూపింది. అప్పుడు విలువ స్పష్టంగా తేలింది.

యాభై ఏళ్లు దాటినా సిలికాన్‌ను దించే చిప్ రాలేదు కదా అంటారు. రాలేదు, నిజమే. కానీ లోహం, అణువు కలిసే చోట ఏం జరుగుతుందో తెలియాల్సిన అవసరం, కర్బన అణువులే వెలుగునిచ్చే ఓఎల్ఈడీ తెరకూ ఉంది.

చిప్ కోసం తొందరపడితే ఏమవుతుందో కూడా చూశాం. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో షోన్ అనే శాస్త్రవేత్త 2001లో ఒంటి అణువు ట్రాన్సిస్టర్ చేశానంటే ప్రపంచం చప్పట్లు కొట్టింది. వేర్వేరు ప్రయోగాలవన్న గ్రాఫుల్లో నాయిజ్ కూడా, అంటే ప్రతిసారీ వేరుగా రావాల్సిన చిన్న ఒడిదుడుకులు కూడా, అచ్చం ఒకేలా ఉన్నాయని తర్వాత బయటపడింది. 2002లో విచారణ కమిటీ 24 ఆరోపణల్లో 16 నిజమని తేల్చింది.

కొలతల్ని కావలసినట్టు మార్చుకునే ఆ అలవాటు మన ల్యాబుల్లోనే మొదలవుతోందని నా బాధ. డిగ్రీలో ఓమ్ నియమం ప్రయోగం చేసినప్పుడు నాకు ఒక చుక్క గీత మీద పడలేదు. "రికార్డులో ఆ రీడింగ్ మార్చెయ్" అన్నారు సార్. రబ్బరుతో చెరిపేశాను, మార్కులు పడ్డాయి. వైరు బిగించే టెర్మినల్ దగ్గర స్క్రూ లూజుగా ఉందేమోనని నేనూ చూడలేదు, ఆయనా చూడలేదు. అక్కడా ప్రశ్న అతుకుదే! ప్రాక్టికల్స్‌లో మార్కులు చెరపని రీడింగులకు, వైరు విప్పి చూసిన పిల్లలకు వేయాలి. యూనివర్సిటీలు ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు, దీనికి కొత్త పరికరాలేమీ అక్కర్లేదు.