మునసబు బీఎన్‌జీ గారికి, కరణం రేడియస్ గారికి

పర్లాకిమిడి, ఒడిశా,
ఆదివారం రాత్రి పదకొండున్నర.

ఊళ్ళో ఇళ్ళన్నిటినీ ఇంటర్నెట్‌లోకి పంపే మహారాజశ్రీ బీఎన్‌జీ రౌటర్ గారికీ, ఎవరొచ్చారు ఎవరెళ్ళారు అని తమరి లెక్కలు రాసే రేడియస్ సర్వర్ గారికీ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, కుశలం తమరి వైపే కనబడుతోంది. తమరికి ఏసీ ఉంది, ఇన్వర్టర్ ఉంది, అది పోతే ఇంకో ఇన్వర్టర్ ఉంది. ఊరికి నెట్ ఇచ్చే నాకు ఫోన్ ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి అది మోగుతూనే ఉంది.

జరిగింది తమరికి తెలియనిది కాదు. గాలివాన వచ్చింది, 14 నిమిషాలు కరెంటు పోయింది. మా ఊళ్ళో అదేం వార్త కాదు. ఇళ్ళల్లో రౌటర్ పెట్టెలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి, ఒక్కసారే లేచాయి. లేచి బుద్ధిగా తమరి గుమ్మం ముందుకొచ్చి, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చెప్పి, లోపలికి రానివ్వమని అడిగాయి.

తమరేమన్నారు? "ఈయన ఇప్పటికే లోపల ఉన్నాడు."

ఎవరండీ లోపల?

పూర్వం ఊరికి మునసబు, కరణం ఉండేవారు. తమరిదీ అదే ఏర్పాటు. గుమ్మం దగ్గర మునసబు బీఎన్‌జీ గారు, పుస్తకం దగ్గర కరణం రేడియస్ గారు. మునసబు గారు 30 సెకన్లకోసారి ప్రతి ఇంటినీ "ఉన్నావా?" అని కేకేస్తారు. మూడు కేకలకు పలక్కపోతే వెళ్ళిపోయాడని లెక్క. అంతవరకు న్యాయమే, అలా పెట్టింది నేనే. వెళ్ళిపోయాడని కరణం గారికి 1813 పోర్టులో, అంటే ఆయన చీటీలందుకునే కిటికీలో, చీటీ పంపాలి. పంపారు. సరిగ్గా అప్పుడే కరణం గారి దగ్గరికి వెళ్ళే దారిలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్ కూడా కరెంటు లేక పడుకుంది. చీటీ చేరలేదు. మళ్ళీ పంపారు, చేరలేదు. మూడోసారి పంపి చేతులు దులుపుకున్నారు. కరణం గారి పుస్తకంలో మనిషి వచ్చిన టైము ఉంది, వెళ్ళిన టైము గడి ఖాళీ. గడి ఖాళీగా ఉంటే మనిషి లోపలున్నట్టే. ఒక ఐడీకి ఒక్కరే అని రూలు. ఇక ఆ ఇంటివాడే వచ్చి తలుపు కొట్టినా తీయరు.

కొరాపుట్ వైపు కొటియా ఊళ్ళ సంగతి తమరు వినే ఉంటారు. ఆంధ్రా, ఒడిశా రెండూ మావంటే మావని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. అక్కడి జనానికి ఇటు ఓటరు కార్డు, అటు ఓటరు కార్డు, రెండు వైపులా రేషను. వాళ్ళు రెండు రాష్ట్రాల్లో ఒకేసారి లాగిన్ అయి ఉన్నారు. మా వీధివాళ్ళకి సొంత ఇంట్లో, సొంత ఐడీతో, ఒక్కసారి అవడానికి దిక్కు లేదు.

మూడింటికి కరణం గారి చేత మునసబు గారికి కబురు పంపించాను, ఫలానా ఐడీని బయటికి పంపెయ్యమని. 3799 పోర్టులో అందుకు దారి ఉంది. మునసబు గారి జవాబు 503. అంటే అలాంటి సెషన్ ఇక్కడ లేనే లేదు. లేకపోతే మరి రానివ్వరేం? "కరణం ఒప్పుకోవడం లేదు." కరణాన్ని అడిగితే? "వెళ్ళాడని మునసబు గారు చెప్పలేదు."

ఇక ఈ తమరు, గారు నా వల్ల కాదు. మీ ఇద్దరికీ సిగ్గుందా?

మా వీధి చివర రిటైరైన లెక్కల మాస్టారు ఉంటారు. రౌటర్ మీద ఎర్ర దీపం చూసి పేజీ తెరిస్తే "అథెంటికేషన్ ఫెయిల్డ్" అని ఉంది. పాస్‌వర్డ్ తప్పేమో అనుకున్నారు. జీవితమంతా పిల్లల తప్పులు దిద్దిన మనిషి, ఈసారి తప్పు తనదేనేమో అని ఆరుసార్లు కొట్టి చూశారు. ఏడోసారి పిన్నీసు తీసి వెనకాల రీసెట్ కన్నంలో పొడిచారు. దాంతో ఉన్న సెట్టింగులూ పోయాయి. నేను తడుసుకుంటూ బండి మీద వెళ్ళేసరికి పిన్నీసు ఇంకా చేతిలోనే ఉంది.

"ఏటి నాయనా, నానేటి తప్పు చేసినాను?"

"మీరు ఇప్పటికే ఇంట్లో ఉన్నారంట మాస్టారూ."

"ఉన్నాను కదా," అన్నారాయన.

దీనికి జవాబు మునసబు చెప్తాడా, కరణం చెప్తాడా?

ఫోన్లో సగం మంది తెలుగులో తిట్టారు, సగం మంది "నెట్ ఆసునాహి", నెట్ రావడం లేదు, అని ఒడియాలో తిట్టారు. ఆ రెండు సగాలూ పోగా మిగిలినవాళ్ళు తెలుగులో మొదలుపెట్టి, కోపం పెరిగాక ఒడియాలోకి వెళ్ళారు.

మునసబూ, పేరూ పాస్‌వర్డూ అడిగి లోపలికి రానిచ్చే నీ పీపీపీఓఈ పద్ధతి 1999లో రాసింది, ఫోన్ తీగ మీద నెట్ వచ్చే రోజుల్లో. తీగ పోయి ఫైబర్ వచ్చినా గుమ్మం దగ్గర నీ ప్రశ్నలు అవే. పైగా ప్రతి ప్యాకెట్‌లో 8 బైట్లు మామూలు కింద నొక్కేస్తావు. 1500 బైట్ల ప్యాకెట్ కాస్తా 1492 అవుతుంది, అది ఎక్కడో సర్దకపోతే ఏదో బ్యాంకు సైటు తెరుచుకోదు, తిట్లు నాకు. ఎవరైనా కొత్త రౌటర్ కొంటే మ్యాక్ అడ్రస్, అంటే పెట్టె సొంత నంబరు, మారిందని గెంటేస్తావు. అందరికీ 100.64తో మొదలయ్యే, బయటి నుంచి నేరుగా చేరలేని అడ్రస్ చేతిలో పెట్టి, షాపులో కెమెరా ఇంటికి కనబడ్డం లేదన్న షావుకారుని నా మీదికి తోలుతావు. సరే, అవన్నీ ఇంకో ఆదివారం.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. సెట్టింగుల్లో ఇంటరిమ్ అప్‌డేట్ అని ఒక లైను ఉంటుంది. అది ఉంటే లోపలున్నవాళ్ళ లెక్క మునసబు ఎప్పటికప్పుడు కరణానికి పంపుతుంటాడు. లెక్క ఆగిపోయిన పేరేదో చూసి కొట్టేయొచ్చు. లెక్కకీ లెక్కకీ మధ్య వ్యవధి 600 సెకన్ల కంటే తగ్గించకపోవడం మంచిదని 2000లోనే రాసిపెట్టారు. నేను ఉత్సాహం కొద్దీ 60 పెట్టాను. కరణం ఉక్కిరిబిక్కిరై కూలబడ్డాడు. భయపడి ఆ లైనే తీసేశాను. రేపు సరిగ్గా పెడదాం అనుకున్నాను. ఆ రేపు వచ్చి రెండు దసరాలు దాటింది.

అందుకని సాయంత్రం నుంచి చేత్తో కొడుతున్నాను. ఒకే కమాండుతో అన్నీ ఎత్తేయొచ్చు గానీ, ఎలాగో లోపలికి దూరినవాళ్ళ లెక్క కూడా పోతుంది. మళ్ళీ ఫోన్లు. కాబట్టి ఐడీ చూడ్డం, బీఎన్‌జీలో ఉన్నాడో లేడో చూడ్డం, లేకపోతే పుస్తకంలో ఆ వరుస మూసెయ్యడం. టీ రెండుసార్లు చల్లారింది. మాస్టారిది మొదటే మూశాను.

ఇప్పుడు ఒక్క వరుస మిగిలింది. అది మా ఇంటిది. మధ్యాహ్నం నుంచి మా ఆవిడ నాలుగుసార్లు ఫోన్ చేసింది, నాలుగుసార్లూ "ఆఫ్ చేసి ఆన్ చెయ్యి" అని పెట్టేశాను. అయిదోసారి చెయ్యలేదు.

వరుసలో నా ఐడీ, వచ్చిన టైము పొద్దున్న 6:12, వెళ్ళిన టైము ఖాళీ. ఈ ఆదివారమంతా నేను ఇంట్లోనే ఉన్నానని ఊరు మొత్తం మీద నమ్ముతున్నవాడివి నువ్వొక్కడివే, కరణమా.