స్టేట్‌మెంటులో పేరు తెలియని బొమ్మల దుకాణం

నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంటు తిరగేస్తుంటే ‘బ్రెయిన్‌బీస్ సొల్యూషన్స్’ పేరిట ఖర్చు కనిపిస్తుంది. అదేదో సాఫ్ట్‌వేర్ సంస్థో, కోచింగ్ సెంటరో అనిపించే పేరు. నిజానికి అది పుణె కంపెనీ. పిల్లల బట్టలు, బొమ్మలు అమ్మే ఫస్ట్‌క్రై దానిదే. మనవరాలి పుట్టినరోజుకు కోడలు మామగారి కార్డుతోనే బొమ్మలు తెప్పించి ఉంటుంది. మామగారేమో కార్డు వివరాలు ఎవరో కాజేశారని కంగారు పడుతుంటారు.

తప్పు మామగారిది కాదు. కార్డు లావాదేవీల సమాచారంలో వ్యాపారి పేరు, ఊరు, దేశం అన్నింటికీ కలిపి 40 అక్షరాల చోటే ఉంటుంది. అందులోకి చాలాసార్లు బోర్డు మీది పేరు కాకుండా రిజిస్టరైన కంపెనీ పేరు ఎక్కుతుంది, అదీ సగంలో తెగిపోతుంది. మధ్యలో చెల్లింపులు నడిపే సంస్థ ఉంటే దాని పేరూ వచ్చి చేరుతుంది. యూపీఐలో వరస వేరు. తిరునాళ్లలో పిల్లవాడికి కీలుగుర్రం కొని క్యూఆర్ కోడ్‌కు డబ్బు పంపితే, స్టేట్‌మెంటులో 12 అంకెల లావాదేవీ సంఖ్య పక్కన దుకాణదారు తమ్ముడి పేరు ఉండవచ్చు. వారం తిరిగాక అది ఎవరికి గుర్తుంటుంది?

కార్డుల విషయంలో అసలు చికాకు ఏమిటంటే, అది ఏ రకం దుకాణమో బ్యాంకుకు తెలుసు. వీసా, మాస్టర్‌కార్డ్ నెట్‌వర్కుల్లో ప్రతి వ్యాపారానికీ నాలుగంకెల కోడ్ ఉంటుంది. బొమ్మలు, ఆటవస్తువుల దుకాణాలది 5945. రివార్డు పాయింట్లు ఏ కొనుగోలుకు ఇవ్వాలో, దేనికి ఎగ్గొట్టాలో తేల్చుకోవడానికి ఈ కోడ్ భేషుగ్గా పనికొస్తుంది. ఖాతాదారు కోసం ఆ వరసలో ‘బొమ్మల దుకాణం’ అని రాయడానికి మాత్రం చోటు దొరకదు!

ఇది సౌకర్యానికి సంబంధించిన చిన్న ఫిర్యాదు కాదు. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా బయటివారి వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేసినవారికి నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్యనైతే మామూలు పొదుపు ఖాతాదారు రూ.10,000 వరకు భరించాల్సి రావచ్చు. ఆపైన బ్యాంకు విధానమే దిక్కు. అంటే గడియారం తిరగడం మొదలయ్యేది బ్యాంకు పంపిన సందేశంతో. ఆ సందేశం అర్థం కాక ఇంట్లో వాళ్లందరినీ అడుగుతూ కూర్చున్న రెండు రోజులూ మన లెక్కలోనే పడుతున్నాయి. అర్థం కాని పేరు పంపినప్పుడు గడువు లెక్క మొదలు కాకూడదన్న నిబంధన ఉంటే, బ్యాంకులు దుకాణాల అసలు పేర్లు ఇట్టే కనిపెట్టగలవని నా నమ్మకం.

అప్పటిదాకా జాగ్రత్త మనదే. ముందు ఆ మొత్తాన్ని పైసలతో సహా మెయిల్‌లోనూ, షాపింగ్ యాప్‌ల ఆర్డర్లలోనూ వెతకాలి. పేరు మారినా అంకె సాధారణంగా మారదు. అయితే ఒకే ఆర్డరును రెండు మూడు పార్సిళ్లుగా పంపితే మొత్తం కూడా ముక్కలు కావచ్చు. యాడ్-ఆన్ కార్డు, అంటే మన ఖాతా మీదే ఇంట్లోవారికి ఇప్పించిన అదనపు కార్డు, ఎవరి దగ్గరుందో అడగాలి. పది, ఇరవై రూపాయలే కదా అని వదిలేయకూడదు. దొంగిలించిన కార్డు పనిచేస్తోందో లేదో మోసగాళ్లు అలాంటి చిన్న మొత్తాలతోనే చూస్తారు. విదేశీ సైట్లలో ఓటీపీ లేకుండానే డబ్బు పోవచ్చు కాబట్టి, అవసరం లేనివారు అంతర్జాతీయ లావాదేవీలను బ్యాంకు యాప్‌లో ఆపేసుకోవడం మేలు.

ఆరా తీయడానికి ఒక పూట చాలు. అప్పటికీ తేలకపోతే కార్డు బ్లాక్ చేసి, దాని వెనక ముద్రించిన నంబరుకే ఫోన్ చేయాలి. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే ‘కస్టమర్ కేర్’ నంబర్లలో దొంగలవీ ఉంటాయి. మోసమని తేలితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. ఫిర్యాదు సంఖ్య రాసుకోవడం మరవద్దు. ఓటీపీ మనమే చెప్పేసిన సందర్భంలో కూడా బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే కనుక, ఎన్ని గంటలకు తెలియజేశామన్నదానికి ఆ సంఖ్యే సాక్ష్యం.