లారీల బారు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ లారీల బారు గారి సముఖమునకు ఇచ్ఛాపురం నుంచి నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, ఒడిశా పొలిమేరలో, తనిఖీ గది కిటికీకి తల ఆనించి, 16వ నంబరు జాతీయ రహదారి పొడవునా తోక చాపుకొని తమరు పవళించే వైభవం చూసి ధన్యులమవుతున్నాము. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి పన్నుల చెక్‌పోస్టులు ఎత్తివేసినప్పుడు తమకిక కాలం చెల్లిందని కొందరు సంబరపడ్డారు గాని, మద్యం, గంజాయి వంటి తనిఖీల పుణ్యమా అని తమ ఆయుష్షుకు లోటు రాలేదు.

లారీలు మితిమీరడం వల్లనే తమరింత పెరిగారని అందరూ అంటారు. అది తమ ప్రతిభను తక్కువ చేయడమే. కిటికీ దగ్గర బండికి సగటున మూడు నిమిషాలు పడుతుందనుకుందాం. అంటే గంటకు 20 బండ్లు సాగగలవు. బండ్ల రాకకూ తనిఖీ సమయానికీ వేళాపాళా లేనప్పుడు, గంటకు 16 బండ్లు వస్తే కిటికీ దగ్గరున్న బండితో కలిపి తమ సగటు నిడివి 4 బండ్లు, 18 వస్తే 9, 19 వస్తే ఏకంగా 19. అమెరికా పండితుడు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం ఆ నిడివిని గంటకు వచ్చే బండ్లతో భాగిస్తే, పావుగంట నిరీక్షణ కాస్తా అరగంటై, చివరికి గంటవుతుంది. గంటకు మూడు బండ్లు పెరిగినందుకే ఇంత ఆతిథ్యం! బండ్లన్నీ సమానమైన ఎడంతో వచ్చి, ఒక్కోదానికి సరిగ్గా మూడు నిమిషాలే పడితే తమరసలు పుట్టరు. పలాస వైపు నుంచి నాలుగు ఒక్కసారే వచ్చిపడి, మొదటి బండి క్లీనరు ఫిట్‌నెస్ కాగితం కోసం సీటు కింద దూరి వెతుకుతుంటే, వెనక హౌరా పోవలసిన చేపల లారీ నుంచి ఐసు నీళ్లు రోడ్డు మీదికి ధారకడుతుంటేనే గదా తమకు కండపట్టేది.

తమ అసలు పోషకులు మాత్రం, సిబ్బంది క్షణమైనా ఖాళీగా కూర్చోరాదని శాసించే పెద్దలు. ఊపిరాడని కిటికీయే తమకు మేత. రెండో కిటికీ తెరిచినా దానికి వేరే బారు కట్టించి, ఒకచోట గుమస్తా ఆవులిస్తుంటే పక్కన డ్రైవర్లు హారన్లు మోగించే ఏర్పాటు చేయడం వారి దూరదృష్టి.

కావున, రెండు కిటికీలకూ తమరొక్కరే ముందు నిలిచి, ఏది ఖాళీ అయితే దానికి ముందున్న బండిని పంపవలసిందిగానూ, కాగితాలు చూసే మనిషినొకరిని తమ తోక దాకా నడవనివ్వవలసిందిగానూ ప్రార్థన. ఇందువల్ల తమరు చిక్కిపోతారని తెలిసే అడుగుతున్నాము.

ఇట్లు,
తమ తోక కొసన ఇంజను ఆపుకొని ఉన్న విధేయుడు