బూట్లకు సర్వీసు రిజిస్టరు

మా ఇంట్లో జీతం తెచ్చేవాళ్ళం ఇద్దరమే గానీ ఉద్యోగం చేసేవాళ్ళం మాత్రం ఆరుగురం. నేను, మా ఆవిడ, నాలుగు జతల రన్నింగ్ షూస్. ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో ఇరవై ఆరేళ్ళుగా నలుగుతున్నవాణ్ణి కాబట్టి ఆ నాలుగు జతలకీ నేనే సర్వీసు రిజిస్టర్లు తెరిచాను. అట్ట వేసిన లాంగ్ నోటుబుక్కు, ఎర్ర సిరాతో గీసిన గళ్ళు. చేరిన తేదీ, చేరినప్పటి బరువు, పనిచేసిన రోడ్లు, కిలోమీటర్లు, ప్రవర్తన, రిమార్కులు. చివరి గడిలో నా పొట్టి సంతకం.

దీన్ని పిచ్చి అనేవాళ్ళు పొద్దున్న ఐదున్నరకి ఒకసారి బీచ్ రోడ్డుకి రావాలి. కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాటేదాకా సగం విశాఖపట్నం అక్కడే ఉంటుంది. పరిగెత్తేవాళ్ళు, నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళని చూస్తూ నడిచేవాళ్ళు, చోడి (రాగి) అంబలి బండి దగ్గర నిలబడి షుగరు గురించి మాట్లాడుకునేవాళ్ళు. చలికాలం నేవీ మారథాన్ దగ్గరపడితే ఇక చెప్పక్కర్లేదు. ఇన్ని వేల కాళ్ళు రోడ్డెక్కుతుంటే వాటి కింద నలిగే బూట్లకి మాత్రం ఒక సర్వీసు రూలు లేదు, సెలవు లేదు, రిటైర్మెంటు వయసు లేదు. ఒకాయన అదే జతని మూడేళ్ళ నుంచి తొక్కుతున్నాడు. ఇంకొకాయనకి మూణ్ణెల్లకో కొత్త జత. పాత జత ఏమైందంటే జవాబుండదు. ఈ అరాచకం మీద ఎవరో ఒకరు కలం పట్టాలి కదా.

ముందు నియామకాల సంగతి చూద్దాం. ద్వారకానగర్లో ఒక షాపుకి వెళ్తే అక్కడి కుర్రాడు నన్ను మూడడుగులు వేయించి, తల పంకించి, “సార్, మీకు ఓవర్ ప్రొనేషన్” అన్నాడు. స్కానింగులో ఏదో బయటపడినట్టు నా గుండె జారిపోయింది. ఆటోలో కూర్చుని ఫోన్లో వెతికితే తేలిందేమిటంటే, అడుగు నేల మీద పడ్డాక పాదం లోపలివైపుకి ఒరగడాన్ని ప్రొనేషన్ అంటారు. కొంత ఒరగడం అందరికీ ఉండేదే. దెబ్బ తట్టుకోవడానికి కాలు చేసుకున్న ఏర్పాటే అది. ఎక్కువ ఒరిగితేనే ఆ ‘ఓవర్’. మూడడుగుల్లో అది ఎలా కనిపెట్టాడో అని కుర్రాడి మీద నాకు ఇప్పటికీ గౌరవం. ఆ రోగానికి మందుగా అతను చూపించిన జత మిగతావాటికంటే నాలుగు వేలు ఎక్కువ.

సొంతంగా తేల్చుకుందామని వరండాలో పాదం తడిపి గచ్చు మీద వేసి చూశాను. మధ్యలో మరక సన్నగా పడితే వంపు బాగా ఉన్నట్టు, నిండుగా పడితే చదును పాదమైనట్టు. నాది నిండుగా పడింది. ఖాయం చేసుకోవడానికి ఇంకో ఆరేడు అడుగులు వేశాను. లోపల్నుంచి మా అత్తగారు వచ్చి, గుమ్మం దాకా పడిన తడి పాదాలు చూసి, “కృష్ణాష్టమి ఎప్పుడో ఎల్లిపోనాది కదా బాబూ” అన్నారు.

సైజు విషయంలో మాత్రం మా నాన్నకి క్షమాపణ చెప్పుకోవాలి. నా చిన్నప్పుడు స్కూలు బూట్లు రెండు సైజులు పెద్దవి కొని ముందు దూది కూరేవాడు, వచ్చే ఏడుకి కూడా పనికొస్తాయని. అది పిసినారితనం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు కోచ్‌లందరూ చెప్పేది దాదాపు అదే, దూది ఒక్కటే తక్కువ. వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలట. కొనడానికి సాయంత్రం వెళ్ళాలట, ఎందుకంటే రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. దూరం పరిగెత్తినా అంతే. ఖాళీ లేకపోతే బొటనవేలి గోరు నల్లబడి, కొన్నాళ్ళకి ఊడిపోతుంది. మా గుంపులో నల్లగోరు అంటే మెడల్ కింద లెక్క. ఒకాయన రెండు గోళ్ళు పోగొట్టుకున్నప్పట్నుంచి సలహాలివ్వడం మొదలుపెట్టాడు.

బూటు పైన, చీలమండ దగ్గర, లేసు ఎక్కని కన్నం ఒకటి అదనంగా ఉంటుంది చూశారా. మామూలు వరస కంటే కాస్త వెనక్కి ఉంటుంది. అది తయారీ లోపం అని నేను రెండేళ్ళు నమ్మాను. లేసుని అదే వైపు ఆ కన్నంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదిలి, అవతలి కొసని ఆ ఉచ్చులోంచి తీసి బిగిస్తే మడమ లోపల కదలదు. కైలాసగిరి నుంచి దిగేటప్పుడు వేళ్ళు ముందుకి పోయి గుద్దుకోవు. పదిహేను వేల బూటులో నాకు బాగా నచ్చింది ఆ కన్నమే. పైసా ఖర్చు లేదు.

ఇక అసలైన చిక్కు, పదవీ విరమణ. కంపెనీలూ కోచ్‌లూ మామూలుగా చెప్పే లెక్క 500 నుంచి 800 కిలోమీటర్లు. ప్రభుత్వంలో ఇలాంటి జీవో వస్తే కోర్టుకెళ్తారు. 500కి పంపించేశారని ఒకడు, 800 దాకా ఉంచారని ఇంకొకడు. అయితే దీని వెనక కారణం ఉంది. అరిగేది మనం చూసే రబ్బరు కాదు, రబ్బరుకీ పాదానికీ మధ్య ఉన్న ఫోమ్. అందులో కంటికి కనపడనన్ని గాలి గదులుంటాయి. ఒక్కో అడుగుకీ నలిగి మళ్ళీ లేస్తాయి. కొన్ని లక్షల అడుగుల తర్వాత లేవడం మానేస్తాయి. పైకి బూటు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల సీటు ఖాళీ. ఇలాంటి ఉద్యోగుల్ని నేను ఆఫీసులో కూడా చూశాను.

మా ఇంట్లో సీనియర్ నీలం జత. దానికి 600 కిలోమీటర్లు నిండిన రోజున రెండు బూట్లనీ డైనింగ్ టేబుల్ మీద పెట్టి, కళ్ళు టేబుల్ అంచుకి ఆనించి, వెనక నుంచి తనిఖీ చేశాను. కుడిది నిటారుగా ఉంది. ఎడమది తాగినవాడిలా బయటికి ఒరిగింది. మడమ బయటి అంచున నల్ల రబ్బరు అరిగి, లోపలి తెల్ల ఫోమ్ అర్ధరూపాయి బిళ్ళంత కనిపిస్తోంది. పక్కన ఫోమ్ మీద ముసలివాళ్ళ కంటి కింద పడేలాంటి అడ్డ ముడతలు. వేలితో నొక్కితే గట్టిగా తగులుతోంది. రిటైర్ చేద్దామని పెన్ను తీశాను. ఈలోగా మా ఆవిడ చూసింది.

“ఏమండీ, అన్నం తినే టేబుల్ మీద బూట్లా?”

ఆ గందరగోళంలో ఉత్తర్వు తిరగబడింది. మన రాష్ట్రంలో 2022లో ఉద్యోగుల విరమణ వయసుని 60 నుంచి 62కి పెంచారు కదా, అదే నిష్పత్తిలో నీలం జతకి 600 నుంచి 620కి పొడిగింపు ఇచ్చాను. తర్వాత 640కి ఇంకోటి. ఇప్పుడు మోకాలి పక్కన ఒక నొప్పి వస్తూ పోతూ ఉంది. అది కూడా రిమార్కుల్లో రాశాను.

పొడిగింపుకి మనసొప్పడానికి ఇంకో కారణం బీచ్ రోడ్డు మీదే ఉంది. మ్యూజియంగా మారిన ఆ సబ్‌మెరైన్, ఐఎన్ఎస్ కుర్సురా. 1969లో చేరి 2001లో రిటైరైంది. 31 ఏళ్ళ సర్వీసులో 73,500 నాటికల్ మైళ్ళు తిరిగింది. అంటే 1,36,000 కిలోమీటర్ల పైమాటే. జతకి 700 చొప్పున లెక్కేస్తే అంత దూరానికి 194 జతలు పూర్తిగా అరిగి, 195వ జత మధ్యలో ఉంటుంది. పైగా అది ఉప్పునీళ్ళలో తిరిగింది. రిటైరయ్యాక కూడా ఇసుకలో నిలబడి టికెట్ పెట్టి మనుషుల్ని లోపలికి రానిస్తోంది. నా నీలం జత దాని పక్కనుంచి వెళ్ళిన ప్రతిసారీ నాకు సిగ్గేస్తుంది.

బూట్లని ఆరబెట్టడం గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. విశాఖ గాలికి చెమట ఆరదు, బూటు అసలే ఆరదు. ఎండలో పెడితే జిగురూ ఫోమూ పాడవుతాయి, వాషింగ్ మెషీన్లో వేస్తే ఇంకా తొందరగా పాడవుతాయి. లోపలి అట్ట తీసి, న్యూస్‌పేపరు ఉండలు చేసి కూరి, ఫ్యాను కింద పెట్టడమే మార్గం. ఆదివారం క్లాసిఫైడ్స్ పేజీ బాగా పీలుస్తుంది. వధూవరుల ప్రకటనలు ఇంకా బాగా పీలుస్తాయి.

ఇక డిప్యుటేషన్ మీద వచ్చిన ఐఏఎస్ ఆఫీసరు లాంటి జత గురించి చెప్పాలి. కార్బన్ ప్లేటు జత, అంటే అడుగున ఫోమ్ మధ్యలో గట్టి కార్బన్ రేకు పెట్టినది. 2017లో నైకీ ఇలాంటి ఒక బూటుని పేరులోనే 4% అని పెట్టి అమ్మింది. అంటే టైము నాలుగు శాతం తగ్గుతుందని కాదు, ఒక వేగంతో పరిగెత్తడానికి పట్టే శక్తి సగటున అంత తగ్గిందని. అదీ బాగా వేగంగా పరిగెత్తేవాళ్ళ మీద ల్యాబులో చేసిన పరీక్షల్లో. నేను ‘సగటున’ దాకా చదివి ఆపేశాను. నా హాఫ్ మారథాన్ 2 గంటల 40 నిమిషాలు, అందులో 4 శాతం 6 నిమిషాల 24 సెకన్లు. నిమిషానికి మూడు వేలు చొప్పున పడుతుందని లెక్క తేల్చి ఇరవై వేలు పెట్టాను. ఒక్కో బూటు 212 గ్రాములు. ఈ బరువు మా వీధి కిరాణా కొట్టు కాటా మీద తూచిందే. కొట్టాయన కాటా వైపు చూసి, “కిలో ఎంత పడింది సార్?” అన్నాడు. 47 వేలు పైచిలుకు అన్నాను. “వంజరం చేప నయం” అన్నాడు.

అంతకంటే గొప్పోళ్ళున్నారు. 2023లో అడిడాస్ ఒక బూటు తెచ్చింది, బరువు 138 గ్రాములు, ధర 500 డాలర్లు. ఒక మారథాన్, దానికి ముందు అలవాటు పడటానికి కాస్త పరుగు, అంతవరకే దాని ఆయుష్షు అని వాళ్ళే చెప్పారు. అది తొడుక్కుని ఇథియోపియా అమ్మాయి టిగిస్ట్ అసెఫా బెర్లిన్ మారథాన్లో 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లకి మహిళల ప్రపంచ రికార్డు కొట్టింది. ఎన్నో ఏళ్ళుగా దినసరి కూలీల ఫైళ్ళు చూశాను గానీ, ఒక్కరోజు పనికి ఇంత కూలి ఇచ్చిన ఫైలు చూళ్ళేదు. ఈ కార్బన్ బూట్ల హడావిడి మొదలైనప్పుడే, పరుగు పోటీలకి రూళ్ళు పెట్టే ప్రపంచ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ 2020లో రోడ్డు పరుగుకి బూటు అడుగు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదు, లోపల ఒక్క ప్లేటే ఉండాలి అని రూలు పెట్టింది. నాది 39. కొలవడానికి వస్తారేమోనని ఫినిష్ లైను దగ్గర బూటు విప్పి చేత్తో పట్టుకుని పావుగంట నిలబడ్డాను. ఎవరూ రాలేదు. టైము 2 గంటల 44 నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ తెన్నేటి పార్కు దగ్గరి ఎత్తు ఖాతాలో రాశాను.

ఈ పరిస్థితుల్లో మా ఆవిడ ఒక ఆదివారం రిజిస్టర్లు నాలుగూ ముందేసుకుని ఆడిట్ మొదలుపెట్టింది. నీలం 640, బూడిదరంగు 310, కార్బన్ 38, కొత్తది 6. కూడికలు ఆవిడకి నోటి మీద ఉంటాయి.

“అన్నీ కలిపి 994. ఒక్క జత పూర్తిగా అరిగి, రెండోది మధ్యలో ఉండాలి. ఈ నలుగురెందుకు?”

నా దగ్గర శాస్త్రం ఉంది. లక్సెంబర్గ్‌లో 264 మంది పరుగువాళ్ళని 22 వారాలు గమనిస్తే, ఒకటే జత కాకుండా మార్చి మార్చి వేసుకున్నవాళ్ళకి దెబ్బలు తగిలే అవకాశం 39 శాతం తక్కువని తేలింది. బూటు మారితే కాలి మీద బరువు పడే తీరు మారుతుంది, ఒకే చోట రోజూ దెబ్బ పడదు. ఇదంతా చేతులు తిప్పుతూ చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, “వాళ్ళు పరిగెత్తారు కదండీ” అంది.

రోమ్ ఒలింపిక్స్ గురించి మాత్రం ఆవిడకి చెప్పలేదు. 1960లో ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా, ఇచ్చిన బూట్లు పాదానికి కుదరక ఉత్త కాళ్ళతో మారథాన్ పరిగెత్తి బంగారు పతకం కొట్టాడు. ఇది ఇంట్లో తెలిస్తే బడ్జెట్ మొత్తం పోతుంది. 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని కూడా గెలిచాడు, అదీ ఇంకా వేగంగా. ఆ రెండో సగం అవసరమైతే బయటికి తీద్దామని దాచుకున్నాను.

మొన్న ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ వచ్చింది. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. నా ట్రైనింగు ప్లానులో ఆ వారం 30 కిలోమీటర్ల లాంగ్ రన్ ఉంది. అప్పన్న సేవ, లాంగ్ రన్ ఒకే బిల్లులో పాసైపోతాయని సంబరపడి బూడిదరంగు జతకి ఆర్డర్లు ఇచ్చాను. అత్తగారూ, వాళ్ళ చెల్లెలూ సంచులు సర్దుకుని గుమ్మంలో ఉన్నారు. అత్తగారికి అరవై ఎనిమిది, పిన్నిగారికి అరవై నాలుగు. అత్తగారు నా కాళ్ళ వైపు చూశారు.

“కొండ తిరిగినప్పుడు జోళ్ళేటి బాబూ?”

జోళ్ళు వేసుకుని తిరిగేవాళ్ళు కూడా ఉన్నారని, తారు రోడ్డని, ఫోమ్ అని ఏదో చెప్పబోయాను. పిన్నిగారు అప్పటికే లిఫ్టు బటన్ నొక్కేశారు. బూట్లు గూట్లో పెట్టి వెళ్ళాను. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. ముడసర్లోవ దాకా నేను ముందు. హనుమంతవాక దగ్గర సమానం. అప్పూఘర్ దగ్గర వాళ్ళు సముద్రంలో స్నానం చేసి, తడి చీరలతో వచ్చి, ఎవరో పంచుతున్న మజ్జిగ తాగి, నా కోసం నిలబడ్డారు. సీతమ్మధార ఎత్తులో పిన్నిగారు పక్కింటి వాళ్ళ అమ్మాయి పెళ్ళి సంబంధం మొత్తం చెప్పారు, ఆయాసం లేకుండా. నేను ‘ఊ’ కొట్టడానికే ఊపిరి దాచుకున్నాను. గోపాలపట్నం చేరేసరికి పాదాల కింద నేల రాయి రాయిగా విడివిడిగా తెలుస్తోంది.

ఇంటికొచ్చి రిజిస్టరు తీస్తే ఇంకో గొడవ. ఫోన్లో రన్నింగ్ యాప్ ప్రతి పరుగునీ దానంతటదే నీలం జత ఖాతాలో వేసేస్తుంది. అలా గూట్లో పడుకున్న బూటుకి 32 కిలోమీటర్లు పడి, 672 అయి కూర్చుంది. దొంగ టీఏ బిల్లు. నా సర్వీసులో ఇలాంటివి పట్టుకుని మెమోలు ఇచ్చాను, ఇంట్లో వదులుతానా? కొట్టేసి, 640 అని తిరగరాసి, పక్కన సంతకం పెట్టాను. మరి ఆ 32 ఎవరి పేరు మీద రాయాలి? ఏ జతా పనిచేయలేదు, పని మాత్రం జరిగింది. ఇలాంటి కేసుకి రిజిస్టర్లో గడి లేదు. ఫైలు పెండింగ్‌లో పెట్టాను.

మర్నాడు నేను మంచం దిగేసరికి అత్తగారు గుమ్మం ముందు ముగ్గు వేసేసి వంటింట్లో ఉన్నారు. నా మంచం పక్కన చిన్న గిన్నెలో కొబ్బరినూనె, పసుపు కలిపి పెట్టి ఉంది.