‘జే’ లేని జేసన్: షాట్ రాని కిడ్ 19 సీజన్లు ఎలా నిలబడ్డాడు?

జేసన్ కిడ్ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడుతున్న రోజుల్లో అతని మీద ఒక ఎగతాళి బాగా తిరిగేది. అతని పేరు జేసన్ కాదట, ‘ఏసన్’ అట. ‘జే’ అంటే జంప్ షాట్, ఎగిరి దూరం నుంచి బంతి వేయడం, అది అతని దగ్గర లేదు మరి. ఎగతాళే కానీ అందులో అబద్ధం లేదు. 1994-95లో, తొలి సీజన్‌లో, అతను వేసిన త్రీ పాయింటర్లలో, అంటే దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లలో, పడ్డవి 27.2 శాతం. పైగా లీగ్ సరిగ్గా ఆ ఏడాదే గీతను దగ్గరికి జరిపింది. రింగ్‌కు ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉండే గీత, చుట్టూ 22 అడుగులకు వచ్చింది. అంత దగ్గరికి తెచ్చి పెట్టినా నాలుగింట ఒకటి కంటే కాస్త ఎక్కువ పడింది, అంతే.

అదే మనిషి 2013లో ఆట మానేసేనాటికి 1,988 త్రీలతో లీగ్ చరిత్రలో మూడో స్థానంలో ఉన్నాడు. అతని ముందు రే అలెన్, రెజీ మిల్లర్ మాత్రమే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, ‘కష్టపడి షూటింగ్ నేర్చుకున్నాడు’ అని కథ ముగించేయడం అందరికీ అలవాటైపోయింది. అది సగం నిజమే. షాట్ బాగుచేసుకోవడం కంటే కష్టమైన పని ఒకటి కిడ్ చేశాడు. చేతిలో బంతి లేకుండా ఆడటం నేర్చుకున్నాడు. పదేళ్లపాటు జట్టు మొత్తం తన చేతి మీదుగా నడిచిన పాయింట్ గార్డ్‌కు బంతి వదలబుద్ధి కాదు. చాలామంది కెరీర్లు కాళ్లు అరిగి కొంత, ఈ పట్టు వదలక కొంత ముగుస్తాయి.

మొదటి ఏళ్ల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రెండేళ్లు ఆడి, 1994 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకునే కార్యక్రమం) రెండో ఎంపికగా డాలస్ మావరిక్స్‌కు వచ్చాడు. అంతకుముందు సీజన్‌లో 13 మ్యాచ్‌లే గెలిచిన జట్టు 36 గెలిచింది. ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే ‘రూకీ ఆఫ్ ది ఇయర్’ అవార్డును గ్రాంట్ హిల్‌తో పంచుకున్నాడు. జిమ్ జాక్సన్, జమాల్ మాష్‌బర్న్‌లతో కలిపి ‘త్రీ జేస్’ అన్నారు గానీ ఆ ముగ్గురికీ పొసగలేదు. 1996 డిసెంబర్‌లో ఫీనిక్స్‌కు ట్రేడ్ అయ్యాడు. అక్కడ 1999, 2000, 2001 సీజన్లలో వరుసగా అసిస్ట్‌లలో (తోటివాడు పాయింట్లు చేసేలా ఇచ్చే పాస్‌లు) లీగ్‌లోనే మొదటివాడు. సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌లైన ప్లేఆఫ్స్‌లో మాత్రం జట్టు రెండో రౌండ్ దాటలేదు. 2001 జనవరిలో భార్యపై చేయి చేసుకున్న కేసులో అరెస్టయి, నేరం ఒప్పుకున్నాడు. ఆ వేసవిలో ఫీనిక్స్ అతన్ని న్యూజెర్సీ నెట్స్‌కు పంపి, బదులుగా స్టెఫాన్ మార్‌బరీని తెచ్చుకుంది.

పాయింట్ గార్డ్ విలువ ఎక్కడుంటుందో తెలుసుకోవాలంటే ఈ మార్పిడి కంటే మంచి ఉదాహరణ దొరకదు. మార్‌బరీ అంతకుముందు సీజన్‌లో నెట్స్‌కు మ్యాచ్‌కు 23.9 పాయింట్లు చేశాడు. అప్పుడు జట్టు గెలిచింది 26 మ్యాచ్‌లు. కిడ్ వచ్చి 14.7 పాయింట్లే చేశాడు, జట్టు 52 గెలిచి ఫైనల్స్‌కు వెళ్లింది. అటు ఫీనిక్స్ 51 నుంచి 36కు పడిపోయింది. ఇదంతా కిడ్ మహిమే అంటే అన్యాయం అవుతుంది. కెర్రీ కిటిల్స్ గాయం నుంచి తిరిగొచ్చాడు, కెన్యన్ మార్టిన్ రెండో ఏడాదికి ముదిరాడు, రిచర్డ్ జెఫర్సన్ కొత్తగా చేరాడు. కానీ పరుగెత్తగల ఈ ముగ్గురికీ పరుగెత్తితే బంతి వస్తుందన్న నమ్మకం ఇచ్చింది కిడ్డే. ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడిని (ఎంవీపీ) ఎంచే ఓటింగ్‌లో టిమ్ డంకన్ తర్వాత రెండో స్థానం అతనిది.

ఆ నమ్మకం ఎలా పుట్టిందో ఒక్క ఫాస్ట్ బ్రేక్‌ను, అంటే ఎదుటి జట్టు సర్దుకోకముందే చేసే మెరుపు దాడిని, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మామూలు జట్టులో రీబౌండ్‌ను, అంటే పడకుండా వెనక్కొచ్చిన బంతిని, పొడుగైన సెంటర్ పడతాడు. కిందికి దిగి, గార్డ్ ఎక్కడున్నాడో వెతికి, పాస్ ఇస్తాడు. గార్డ్ దాన్ని అందుకుని ముందుకు తిరుగుతాడు. ఈలోపు ఒక సెకను పోతుంది. ఎదుటి జట్టులో ముగ్గురు వెనక్కి చేరుకోవడానికి ఆ సెకను చాలు. కిడ్ రీబౌండ్ తనే పట్టేవాడు. 6 అడుగుల 4 అంగుళాల ఎత్తు, సుమారు 95 కిలోల బరువు. నెట్స్‌లో తొలి ఏడాది సగటున 7.3 రీబౌండ్లు. బంతి చేతిలో పడేసరికే ముఖం అవతలి రింగ్ వైపు ఉండేది. రెండు డ్రిబుల్స్ వేసి, దారి ఖాళీగా ఉంటే సగం కోర్టు దాటకముందే బంతి వదిలేసేవాడు. 94 అడుగుల కోర్టులో పాస్ పరుగెత్తినంత వేగంగా ఏ మనిషీ పరుగెత్తలేడు.

దారి ఖాళీగా లేకపోతే మధ్యలోంచి తనే తీసుకెళ్లేవాడు. వెనక్కి చేరిన డిఫెండర్లు ఇద్దరుంటే ఒకడు బంతికి అడ్డొస్తాడు, రెండోవాడు రింగ్ కింద కాపలా. ఇక్కడ కుర్ర గార్డ్‌లు చేసే తప్పు ఒకటుంది, రింగ్‌కు ఎదురుగా ఉండే ఫ్రీ త్రో గీత దాటి మరీ లోపలికి దూసుకుపోతారు. అప్పుడు ఒకే డిఫెండర్ బంతినీ పాస్ దారినీ రెండింటినీ మూసేయగలడు. కిడ్ ఆ గీత దగ్గరే వేగం తగ్గించి, ఒక పక్కకు చూస్తూ రెండో పక్కకు ఇచ్చేవాడు. ఎదుటివాడి చేతులు పైకి ఉంటే నేలకు కొట్టి, అతని నడుము రింగ్ వైపు తిరిగి ఉంటే పైనుంచి. పెద్ద శరీరం ఉన్నవాడు పూర్తి వేగంలో వస్తుంటే మోకాలి ఎత్తులో వచ్చిన బంతిని పట్టలేడు. అందుకే మార్టిన్‌కు బంతి గాల్లో రింగ్ పక్కనే దొరికేది. చేతికి ఎముక లేనివాడంటారే, అలా ఇచ్చేవాడు. అయితే ఎవరికి ఎక్కడ ఇస్తే పనికొస్తుందో లెక్క చూసుకునే ఇచ్చేవాడు.

ఫాస్ట్ బ్రేక్ దొరకనప్పుడే చిక్కు. కోచ్ బైరన్ స్కాట్ దగ్గర సహాయకుడిగా ఉన్న ఎడ్డీ జోర్డాన్ ‘ప్రిన్స్‌టన్’ పద్ధతి తెచ్చాడు. బంతి సెంటర్ చేతికి పైన ఇచ్చి, మిగతావాళ్లు డిఫెండర్ వెనకనుంచి రింగ్ వైపు కోసుకుపోయే ఆట ఇది. షాట్ లేని గార్డ్‌ను దాచిపెట్టడానికి ఇంతకంటే మంచి ముసుగు లేదు. సీజన్ మొత్తం ఆ ముసుగు పనిచేసింది. ఫైనల్స్‌లో చిరిగిపోయింది. 2002లో లేకర్స్ చేతిలో 4-0. 2003లో శాన్ ఆంటోనియో స్పర్స్‌తో ఆరో మ్యాచ్‌ చూడండి. చివరి క్వార్టర్‌లో నెట్స్ ఆధిక్యంలో ఉండగా, స్పర్స్ వరుసగా 19 పాయింట్లు చేసింది, నెట్స్‌కు ఆ సేపంతా ఒక్కటీ రాలేదు. 88-77తో సిరీస్ ముగిసింది. స్పర్స్ ఆటగాడు డంకన్ ఆ రాత్రి 21 పాయింట్లు, 20 రీబౌండ్లు, 10 అసిస్ట్‌లు, 8 బ్లాక్‌లు చేశాడు.

డంకన్ అన్ని బ్లాక్‌లు చేశాడంటే, రింగ్ దగ్గర నిలబడే వీలు అతనికి దొరికిందన్నమాట. పిక్ అండ్ రోల్‌లో తోటివాడొకడు గార్డ్‌ను కాచేవాడి దారికి అడ్డంగా నిలబడతాడు, అదే స్క్రీన్. షాట్ వేస్తాడన్న భయం ఎదుటివాళ్లకు కలిగించని గార్డ్ ఇది ఆడితే డిఫెండర్ స్క్రీన్‌ను ఢీకొని వెంటపడడు. స్క్రీన్ వెనకనుంచి, రింగ్ వైపుగా నింపాదిగా దాటి, అవతల మళ్లీ ఎదురొస్తాడు. ‘వేస్తే వేసుకో’ అన్నట్టు. అప్పుడు స్క్రీన్ పెట్టినవాడి డిఫెండర్ ముందుకు రానక్కర్లేదు, రింగ్ ముందు ఉండే పెయింట్‌లోనే ఉండిపోతాడు. పాస్ దారులు వాటంతటవే ఇరుకైపోతాయి. అంటే షాట్ లేకపోవడం కిడ్ వేసే పాయింట్లనే కాదు, అతని పాస్‌లనూ తినేసింది. అతని అభిమానులు ఈ సంగతి ఒప్పుకోరు గానీ, ఆ రెండు ఫైనల్స్ ఓటముల్లో దీనికి పెద్ద వాటాయే ఉంది.

2004 వేసవిలో ఎడమ మోకాలికి మైక్రోఫ్రాక్చర్ సర్జరీ జరిగింది. మృదులాస్థి అరిగిపోయిన చోట ఎముకకు సన్నని రంధ్రాలు చేస్తారు. మజ్జలోంచి వచ్చిన రక్తం అక్కడ గడ్డకట్టి, క్రమంగా కొత్త పొరగా మారుతుంది. కానీ ఆ పొర పుట్టుకతో వచ్చిన మృదులాస్థి అంత గట్టిది కాదు. కొన్ని వారాలు ఆ కాలి మీద బరువు మోపకూడదు, మోపితే గడ్డ ఊడిపోతుంది. పెన్నీ హార్డవే, క్రిస్ వెబర్ ఇదే సర్జరీ తర్వాత మళ్లీ పాత ఎత్తుకు ఎగరలేదు. కిడ్ డిసెంబర్‌లో తిరిగొచ్చాడు, మరో తొమ్మిది సీజన్లు ఆడాడు. అతని ఆట ఎప్పుడూ ఎగరడం మీద నిలబడలేదు. 2007 ప్లేఆఫ్స్‌లో, 34 ఏళ్ల వయసులో, 12 మ్యాచ్‌ల సగటు 14.6 పాయింట్లు, 10.9 రీబౌండ్లు, 10.9 అసిస్ట్‌లు. బంతి రింగ్‌కు ఏ కోణంలో తగిలితే ఎటు పడుతుందో ముందే తెలిసినవాడికి రీబౌండ్ కోసం రెండడుగులు జరిగితే చాలు.

పోయింది మొదటి అడుగు వేగం. 2008 ఫిబ్రవరిలో డాలస్ అతన్ని వెనక్కి తెచ్చుకుంది, కుర్రవాడైన డెవిన్ హారిస్‌ను వదులుకుని మరీ. రెండు నెలలకే ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో న్యూ ఆర్లీన్స్ క్రిస్ పాల్ డాలస్‌కు చుక్కలు చూపించాడు. సిరీస్ 4-1. చిన్నగా, చురుగ్గా ఉండే గార్డ్‌ను ఇక కిడ్ ఆపలేడని తేలిపోయింది. ట్రేడ్ చేసినవాళ్లను అందరూ దెప్పిపొడిచారు. నిజానికి తప్పు మనిషిది కాదు, అతనికి అప్పగించిన పనిది.

తర్వాత కోచ్‌గా వచ్చిన రిక్ కార్లైల్ దగ్గర ఆ పని మారింది. డిఫెన్స్‌లో కిడ్‌ను వేగంగా ఉండే చిన్నవాళ్ల మీంచి తీసి, పొడుగ్గా, బలంగా ఉండేవాళ్ల మీద పెట్టారు. వాళ్లు పక్కకు దూసుకుపోవడం కంటే భుజంతో నెట్టి షాట్ వేయడమే ఎక్కువ. నెట్టుడుకు 95 కిలోలు తట్టుకుంటాయి. అతని స్టీల్స్ (ఎదుటివాడి నుంచి బంతి లాక్కోవడం) కూడా అన్నీ పాస్‌లకు అడ్డంపడి తెచ్చినవి కావు. ఎదుటివాడు షాట్‌కు లేచేముందు బంతిని నడుము దగ్గరికి దించుతాడు, సరిగ్గా అప్పుడు చెయ్యి వేసి లాగేసేవాడు. 2011 ప్లేఆఫ్స్‌లో కోబీ బ్రయంట్‌ను, కొన్నిసార్లు కెవిన్ డ్యురాంట్‌ను, ఫైనల్స్‌లో డ్వేన్ వేడ్‌ను, లెబ్రాన్ జేమ్స్‌ను కాచింది ఈ 38 ఏళ్ల మనిషే.

అటాక్‌లో మార్పు ఇంకా పెద్దది. బంతి తెచ్చి, డర్క్ నోవిట్స్కీకి ఫ్రీ త్రో గీత మూల దగ్గర అందించి, తను పక్కకు వెళ్లి త్రీ గీత బయట నిలబడటం. వినడానికి చాలా తేలిక. ఆ ఒక్క పాస్ కూడా డిఫెండర్‌కు దూరంగా ఉన్న చేతికి, నోవిట్స్కీ కాళ్లు కుదురుకున్న క్షణంలో చేరాలి. అర సెకను ఆలస్యమైతే డిఫెండర్ ముందుకొచ్చి దారి మూసేస్తాడు. ఆ తర్వాత జేసన్ టెర్రీయో, జే.జే. బరేయానో బంతి ఆడిస్తుంటే కిడ్ చేయాల్సింది సిద్ధంగా ఉండటమే. బంతి రాకముందే మోకాళ్లు వంచి, పాదాలు రింగ్ వైపు పెట్టి, చేతులు ఛాతీ ఎత్తులో ఉంచుకోవాలి. డ్రిబుల్ చేస్తూ ఆగి వేసే షాట్‌లో పరుగు వేగాన్ని కాళ్లతో పైకి మళ్లించాలి. అరిగిన మోకాలికి అది భారం. నిలబడి వేసే షాట్‌లో ఆ భారం లేదు. 2008-09లో అతని త్రీలు 40.6 శాతం పడ్డాయి, 2009-10లో 42.5. లెక్క చూడండి: తొలి సీజన్‌లో అతని ఒక్కో త్రీ విలువ సగటున 0.82 పాయింట్లు, 2009-10లో 1.28. ఇక అతన్ని ఖాళీగా వదిలి నోవిట్స్కీ మీదికి ఇద్దరు దూకితే పప్పులుడకవు.

2010-11లో మళ్లీ 34 శాతానికి పడిపోయాడు, సగటు 7.9 పాయింట్లే. డాలస్ చాంపియన్ అయింది ఆ ఏడాదే. ఫైనల్స్‌కు ముందు రౌండైన వెస్ట్ ఫైనల్ నాలుగో మ్యాచ్‌లో ఓక్లహోమా చివరి ఐదు నిమిషాల్లో 15 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. డాలస్ దాన్ని ఓవర్‌టైమ్‌కు లాగి 112-105తో గెలిచింది. ఓవర్‌టైమ్ చివరి నిమిషంలో త్రీ వేసింది కిడ్. మయామీతో ఫైనల్స్ ఐదో మ్యాచ్ చివరి రెండు నిమిషాల్లోనూ ఒకటి వేశాడు.

అంకెలు పేర్చుకుంటూ పోతే పెద్ద జాబితాయే. 1,391 మ్యాచ్‌లు, 12,091 అసిస్ట్‌లు, 2,684 స్టీల్స్, 107 ట్రిపుల్ డబుల్స్ (ఒకే మ్యాచ్‌లో మూడు లెక్కల్లో పది లేదా అంతకంటే ఎక్కువ). అసిస్ట్‌లలో, స్టీల్స్‌లో రిటైరయ్యేనాటికి జాన్ స్టాక్‌టన్ తర్వాత అతనే. ఆ రెండో స్థానాన్ని తర్వాత క్రిస్ పాల్ లాక్కున్నాడు. కానీ ఈ జాబితాలోకి ఎక్కని తెలివి ఒకటుంది. 2010 ఫిబ్రవరిలో అట్లాంటాతో మ్యాచ్‌లో ఎదుటి జట్టు కోచ్ మైక్ వుడ్సన్ కోర్టు గీత దాటి లోపల నిలబడ్డాడు. బంతి తెస్తున్న కిడ్ అది గమనించి, కావాలనే పక్కకు జరిగి వెళ్లి అతన్ని ఢీకొట్టాడు. వుడ్సన్‌కు టెక్నికల్ ఫౌల్, డాలస్‌కు ఫ్రీ త్రో. మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్లింది, డాలస్ గెలిచింది.

చివరి సీజన్‌ 2012-13లో న్యూయార్క్ నిక్స్‌కు ఆడాడు, పాయింట్ గార్డ్‌గా రేమండ్ ఫెల్టన్ ఉంటే పక్కన రెండో గార్డ్‌గా. జట్టు 54 మ్యాచ్‌లు గెలిచింది. ప్లేఆఫ్స్‌కు వచ్చేసరికి కాళ్లలో పస అయిపోయింది. నిలబడి వేసే షాట్‌కూ బంతిని పైకి పంపేది కాళ్లే కదా. చివరి పది ప్లేఆఫ్ మ్యాచ్‌లలో ఒక్క పాయింటూ రాలేదు. అయినా బోస్టన్‌తో సిరీస్‌లో కోచ్ అతన్ని 20 నిమిషాలకు పైగా ఆడిస్తూనే వచ్చాడు. ఆ కోచ్ పేరు మైక్ వుడ్సన్.