2018 తెలుగు ఆల్బమ్‌లు: నా వరస ఇది

2018లో వచ్చిన సినిమా పాటల్ని పోయిన వారమంతా మళ్ళీ విన్నాను. ఒక్కో ఆల్బమ్ మొదటి పాట నుంచి చివరి పాట దాకా, మధ్యలో ఏదీ దాటెయ్యకుండా.

జనం నోళ్ళలో నానడం చూస్తే ఆ ఏడాది ‘గీత గోవిందం’దే. ‘ఇంకేం ఇంకేం కావాలే’ వినిపించని పెళ్ళి నాకు గుర్తు లేదు. అయినా నా వరసలో అది ఐదోది. సిద్ శ్రీరామ్ గొంతు, అనంత శ్రీరామ్ మాటలు నాకూ ఇష్టమే. కానీ ఆ పాట అయిపోయాక తర్వాతిది వినాలన్న ఆత్రం కలగలేదు. ఒక్క పాట ఊపేస్తే ఆల్బమ్ మొత్తాన్ని అందలం ఎక్కించడం నాకు నచ్చదు.

మొదటి స్థానం ‘రంగస్థలం’ది. ఇందులో నాకు రెండో మాట లేదు. దేవిశ్రీ ప్రసాద్ బాణీలు ఎంత బాగున్నా, అసలు బలం పాటలన్నీ చంద్రబోస్ ఒక్కరే రాయడం. అందుకే ఆ ఆల్బమ్‌కి ఒక ఊరుంది, ఒక యాస ఉంది. వేరుశెనగ కోసం మట్టి తవ్వితే లంకెబిందె దొరికినట్టుందట పిల్ల! ‘ఎంత సక్కగున్నావే’లో ఆ పోలిక విన్న ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది. చందమామనీ గులాబీనీ పక్కన పెట్టి ఆయన నేరుగా చేలోకి దిగారు. ‘రంగమ్మ మంగమ్మ’లో మానసి గొంతులో గారం, ‘ఓరయ్యో’లో చంద్రబోస్ సొంత గొంతులో ఏడుపు, రెండూ ఒకే ఊరి మనుషులవి అనిపిస్తాయి. ‘ఆ గట్టునుంటావా’ మాత్రం ఆల్బమ్‌లోనే వినండి. అక్కడ జానపద గాయకుడు శివనాగులు పాడారు. సినిమాలో ఆయన గొంతు తీసేశారు. అది నాకు ఇప్పటికీ బాధే.

రెండోది ‘కేరాఫ్ కంచరపాలెం’. పెద్ద పేర్లేవీ లేవు. స్వీకర్ అగస్తి బాణీకి విశ్వ రాసిన ‘ఆశ పాశం’ మన తత్వాల పక్కన పెట్టి పాడుకోదగ్గ పాట. అది పాడింది అనురాగ్ కులకర్ణి. అదే ఏడాది ‘ఆర్‌ఎక్స్ 100’లో ‘పిల్లా రా’ పాడిందీ, ‘మహానటి’లో శ్రేయా ఘోషల్‌తో కలిసి ‘మూగ మనసులు’ పాడిందీ ఆయనే. మూడు పాటల్లో మూడు రకాల మనిషి.

మూడోది ఆ ‘మహానటి’. మిక్కీ జె మేయర్ పాతకాలాన్ని అనుకరించకుండా, ఆ వాసన మాత్రం తెచ్చారు. ‘మూగ మనసులు’ రాసిన సిరివెన్నెల గారు ఇక లేరని తలుచుకుంటే ఆ పాట వింటూ గొంతు పూడుకుపోతుంది.

నాలుగోది ‘అరవింద సమేత’. ఇది రాయడం నాకే కష్టంగా ఉంది. ఎందుకంటే ఆ ఏడాది మొత్తంలో నాకు ప్రాణమైన పాట ఇందులోని ‘పెనివిటి’. ఇంటికి రాని మగడి కోసం ఎదురుచూసే ఆడమనిషి గుండెకోతని రామజోగయ్య శాస్త్రి రాస్తే, కాలభైరవ గొంతు చించుకోకుండా పాడారు. తమన్ కూడా వాద్యాలతో ముంచెత్తలేదు. రాత్రి పడుకునే ముందు ఇప్పటికీ అదే వింటాను. ఆల్బమ్‌గా మాత్రం నాలుగే.